ఉత్తర గోడ దగ్గరి మనిషి

మిన్నెవెర్ట్
1905 మార్చి 12, ఆదివారం

తమ్ముడు వోబ్బెకి,

నేను నీకు రాసి నాలుగు నెలలైంది. నువ్వు నాకు రాసి ఏడాది దాటింది. ఎవరు ముందు సిగ్గుపడాలో నువ్వే చెప్పు.

మన దిబ్బ తరిగిపోతోందిరా. తూర్పు వైపు పోయినేడే అయిపోయింది. ఇప్పుడు ఉత్తరం వైపు కూడా చర్చి పెద్దలు అమ్మేశారు. రెండు వేల ఏళ్లుగా జనం పేడా మట్టీ పోసి ఎత్తు చేసుకున్న నేల కదా, మీ ఇసక నేలల రైతులు ఎరువుగా వేసుకోవడానికి దాని కోసం ఎగబడుతున్నారు. చర్చి గోపురానికి కొత్త పెంకు వేయించాలట. గోపురం బాగుచేయడానికి గోపురం నిలబడ్డ నేలనే అమ్ముతున్నారు! ఆ పెద్దల్లో ముఖ్యుడు, పెద్ద రైతు ట్యాలింగ్ దాన్ని గొప్ప తెలివిగా చెప్పుకు తిరుగుతున్నాడు. దిబ్బ కాళ్ల దగ్గరికి కాలువ తవ్వారు, పట్టాలు వేశారు, తోపుడు బళ్లలో మట్టి తెచ్చి పడవల్లో కుమ్మరిస్తున్నారు. తవ్విన వైపు ఇప్పుడు గోడలా నిట్టనిలువుగా ఉంది. ఆల్డె వాళ్ల కోళ్లగూడు పోయిన వారం కోళ్లతో సహా జారి కింద పడింది. కోళ్లకేమీ కాలేదు.

మా గోసె కూడా తవ్వకంలో చేరాడు. మొన్న ఎముకతో చేసిన దువ్వెన ఒకటి తెచ్చి, "అమ్మా, ఆదివారం గుడికి దువ్వుకుని వెళ్లు" అన్నాడు. ఎవరి తలలోదో! పట్నం మ్యూజియం నుంచి ఒక కళ్లద్దాలాయన వచ్చి తీసుకెళ్లాడు.

మీ బావ పోయినప్పటి నుంచి గంట నేనే కొడుతున్నానని నీకు తెలుసు. తాళాలూ నా దగ్గరే. నాన్న చేసిన పని తిరిగి నాన్న కూతురి చేతికే వచ్చింది. అందుకే ఎల్కె మేష్టారు నా వెంట పడ్డారు. ఆయన ఊరి చరిత్ర రాస్తున్నారు. "సీత్స్కెమ్మా, ఇంకో రెండేళ్లకి చూపించడానికేమీ ఉండదు. చెప్పుకోవడానికైనా ఉండాలి కదా" అంటారు. పై చెరువు గురించీ, చర్చికి ఉత్తరం వైపున్న పొట్టి తలుపు గురించీ, వరద గీతల గురించీ నాన్న ఏమేం చెప్పేవాడో అడుగుతున్నారు. నాన్న వెనకాల కుక్కపిల్లలా తిరిగింది నువ్వు, నేను కాదు. గుర్తున్నదంతా రాసి పంపు.

మజ్జిగ జావ పొంగుతోంది. ఉంటాను.

నీ అక్క
సీత్స్కె


ఊస్టర్‌మోండ్ లాకు
మార్చి 26

అక్కకి,

నువ్వు రాసేదాకా నాకు తెలియదనుకున్నావా? మన ఊరి మట్టి పోయేది నా లాకులోంచే. వారానికి మూడు నాలుగు పడవలు. కింది తలుపులు మూసి, నీళ్లు పైకెక్కేదాకా ఒక్కో పడవ నా ముందు పావుగంట ఆగుతుంది. ఆ పావుగంటా నేను మట్టిని చూస్తూ నిలబడతాను. పెంకు ముక్కలు, ఆవు పళ్లు, ఒకసారి చిన్నపిల్ల చెప్పు అడుగుభాగం. హెస్సెల్ సరంగు నన్ను చూసి నవ్వుతాడు. "ఏం వోబ్బె, మీ తాతల్ని వెతుకుతున్నావా?" అంటాడు.

మేష్టారికి ఇవి చెప్పు. పై చెరువు వానచెరువు. సముద్రం కట్ట దాటి వచ్చినప్పుడు చుట్టూ ఉప్పునీళ్లు, మధ్యలో ఆ గుక్కెడు మంచినీళ్లు. మనుషులూ పశువులూ ఒకే ఒడ్డున నిలబడి తాగారట. పద్దెనిమిది వందల పాతికలో వచ్చిన వరదకి తాతకి ఎనిమిదేళ్లు. చర్చి తలుపు కమ్మీ మీద ఉన్న పై గీత తాతని ఆనించి గీసింది కాదు, నీళ్లు ఆగిన చోటు. నాన్న మనల్ని ఏటా ఆ కమ్మీకి ఆనించి నిలబెట్టేవాడు, నువ్వు దాన్ని దాటింది పదకొండో ఏట. నీకంటే రెండేళ్లు ఆలస్యంగా దాటానని నన్ను ఏడిపించేదానివి. పొట్టి తలుపు గురించి పాస్టర్లు చెప్పే కథ వేరు. ఉత్తరం నుంచి వచ్చిన దోపిడీ దొరలు, మనవాళ్లు గుడిలోంచి బయటికొచ్చేటప్పుడు తమ దేశం వైపు తల వంచాలని ఆ తలుపు పొట్టిగా పెట్టించారని. నాన్న మాత్రం, "చలిగాలి రాకుండా చిన్నది పెట్టుకున్నారురా, మిగతావన్నీ కబుర్లు" అనేవాడు. రెండూ రాసుకోమను.

ఒక్కటి అడుగుతాను. ఉత్తరం వైపు ఎంతదాకా వచ్చారు? గోడ దాకా తవ్వుతారా? ఆ వైపు పార వేయొద్దని గోసెతో చెప్పు. ఎందుకని అడక్కు.

వోబ్బె


మిన్నెవెర్ట్
ఏప్రిల్ 9

వోబ్బెకి,

నీ ఉత్తరం మొదటి సగం మేష్టారికి చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. రెండో సగం మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండు వారాలుగా అది నన్ను పొడుస్తోంది.

ఉత్తరం వైపు మన పెరటి ముక్క ఉంది. అదీ అమ్మేశానని హెస్సెల్ నీ చెవిన వేశాడు, అంతే కదా? అవును, అమ్మేశాను. చుట్టూ తవ్వేశాక నడిమధ్య నా బంగాళాదుంపల మడి ఒక్కటీ గాల్లో వేలాడుతుందా? నీకు వాటా కావాలంటే తిన్నగా అడుగు. గోసె మీదికి ఎక్కొద్దు. వాడు పార వేయకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. లాకు పక్కన ఇల్లూ, ఏటా కొత్త టోపీ ఇచ్చే ఉద్యోగం నీది. నువ్వు హుకుం జారీ చేస్తావు, మేం ఇక్కడ చెయ్యాలి!

పద్దెనిమిదేళ్లకే ఊరొదిలి పోయినవాడివి. బౌక్యె నిన్ను కాదందని నాన్నతో కూడా సరిగ్గా మాట్లాడకుండా వెళ్లావు. నాన్న పోయినప్పుడు రాలేదు. అమ్మ పోయినప్పుడు వచ్చి, కాఫీ చల్లారకముందే తిరుగు బండెక్కావు. ఇప్పుడు మాత్రం ఉత్తరం వైపు మట్టి మీద నీకెక్కడ లేని ప్రేమ.

బౌక్యెకి ఏడుగురు పిల్లలు. లావెక్కింది.

సీత్స్కె


ఊస్టర్‌మోండ్ లాకు
ఏప్రిల్ 20

అక్కా,

నాకు పెరడు వద్దు. వాటా వద్దు. బౌక్యె గురించి నువ్వు ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నది తప్పు. ఆమె మొహం కూడా నాకు గుర్తులేదు.

నేను కుదురుగా కూర్చోలేకపోతున్నాను. లాకు గోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాను. పడవల వాళ్లు నాకేదో జబ్బు చేసిందనుకుంటున్నారు. నిన్న పై తలుపు మూయకుండానే కింది గేటు తీయబోయాను. హెస్సెల్ కేకేసి ఆపాడు, లేకపోతే ఎవరో ఒకరు పోయేవాళ్లు. పాతికేళ్లలో నేనెప్పుడూ ఇలా చేయలేదు.

ఒక్క పని చెయ్యి. పొట్టి తలుపు నుంచి తవ్విన అంచు దాకా ఎన్ని అడుగులున్నాయో కొలిచి రాయి. సముద్రం వైపు తిన్నగా. నీ అడుగులు కాదు, గోసెని నడవమను, వాడిది నా ఎత్తే కదా.

హెస్సెల్ చేతికి ఒక పొట్లం ఇచ్చాను. అది తడవకుండా దాచు. ఎవరికీ చూపించకు. దాని సంగతి వేరే ఉత్తరంలో రాస్తాను. రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ లేచాను.

వోబ్బె


మిన్నెవెర్ట్
మే 7

నా దొంగ తమ్ముడికి,

గోసె నడిచాడు. పంతొమ్మిది అడుగులు. ఇరవయ్యో అడుగు వేసి ఉంటే కోళ్ల దారి పట్టేవాడు. రోజూ కొంచెం కొంచెం లోపలికి వస్తోంది.

పొట్లం అందింది. విప్పొద్దని నువ్వు రాయలేదు. ఎవరికీ చూపించొద్దన్నావు, నాకు నేను చూపించుకుంటే తప్పేముంది? మైనపు గుడ్డ విప్పాను. లోపల మూడు ఉత్తరాలు. కాగితం పసుపెక్కి, ఉప్పు మరకలతో. భాష మనది కాదు. కానీ ఆడవాళ్ల చేతిరాత ఏ దేశంలో ఉన్నా నాకు తెలుస్తుంది. ఒక చివర ముద్దు గుర్తులా చిన్న గుండ్రం కూడా ఉంది.

ఓరి వెధవా! నువ్వు ఆ రెండేళ్లూ ఓడల్లో తిరిగావు కదా, అప్పటిదన్నమాట. పెళ్లి ఎందుకు చేసుకోలేదో ఇన్నాళ్లకి తెలిసింది. మొదటి మాటలో 'ఇవెర్' అని రాసింది. ఆమెకి నీ అసలు పేరు కూడా చెప్పలేదా? ఇవెర్ అంట, ఇవెర్! వోబ్బె అంటే నవ్వుతుందనుకున్నావా? నేను ఒక్కదాన్నే వంటింట్లో కూర్చుని నవ్వుకున్నాను, తర్వాత ఎందుకో కళ్లనీళ్లు తిరిగాయి. మన ఇద్దరికీ కలిపి నలుగురు పిల్లలుండాల్సింది, ఒక్క గోసె మిగిలాడు.

దాచాను. బట్టల పెట్టె అడుగున, అమ్మ ఆదివారం టోపీ కింద. ఎవరికీ చెప్పను. కానీ నువ్వు చెప్పాలి. ఎవరామె? ఏమైంది? దిబ్బ మీద ఆమెకేమిటి సంబంధం? ఇక్కడికి ఎప్పుడైనా తీసుకొచ్చావా?

సోంపు బిస్కెట్లు హెస్సెల్ చేతికి ఇచ్చాను. దారిలో సగం తింటాడు.

నీ అక్క
సీత్స్కె


ఊస్టర్‌మోండ్ లాకు
మే 14

అక్కా,

బిస్కెట్లు అందాయి. తినలేకపోయాను.

అవి నాకొచ్చిన ఉత్తరాలు కాదు. చచ్చిపోయినవాడి కోటులోంచి నేను తీసినవి.

డెబ్బై నాలుగు నవంబరులో పెద్ద గాలివాన అయ్యాక నాన్నా నేనూ కట్ట దాటి బురద మేటల మీదికి వెళ్లాం. ఏ గాలివాన తర్వాతైనా వెళ్లేవాళ్లమే, కొట్టుకొచ్చినవాళ్లని మోసుకొచ్చి పూడ్చడం నాన్న పని కదా. ఆ మనిషిని ముందు చూసింది నేను. నాన్న వెనక బల్ల లాక్కుంటూ వస్తున్నాడు. నేను కోటు గుండీలు విప్పి చూశాను. లోపలి జేబులో మైనపు గుడ్డ పొట్లం గట్టిగా చేతికి తగిలింది. డబ్బనుకున్నాను. అక్కా, నాకు అప్పుడు ఓడెక్కి పోవాలనే పిచ్చి తప్ప ఇంకేం లేదు. చొక్కాలో దోపుకున్నాను. నాన్న వచ్చి, "జేబుల్లో ఏమైనా ఉందా?" అన్నాడు. "ఏమీ లేదు" అన్నాను. సాయంత్రం పోలీసాయన వచ్చి అదే అడిగాడు. నాన్న తన మాటగా, "ఏమీ లేదు, నా కొడుకు చూశాడు" అన్నాడు. ఆయన కాగితం మీద రాసుకున్నాడు: పేరు తెలియదు.

గడ్డివాము చాటున కూర్చుని విప్పి చూశాను. ఉత్తరాలు. ఒక్క నాణెం లేదు.

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. నాన్న ఒక దెబ్బ కొట్టేవాడు, అంతే. కానీ నాన్న నా మాట మీద నిలబడి పోలీసు ముందు చెప్పేశాడు. నేను నోరు విప్పితే ఆయన అబద్ధాలకోరు అవుతాడు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఆయనతో కలిసి గొయ్యి తవ్వాను. ఉత్తరం వైపు, పొట్టి తలుపు నుంచి సముద్రం వైపు తిన్నగా పద్నాలుగు అడుగులు. వసంతంలో ఊరొదిలాను. నాన్న కళ్లలోకి చూడలేకపోయాను, అంతే. బౌక్యె కాదు.

కాల్చేద్దామని ఎన్నోసార్లు పొయ్యి దగ్గరికి తీసుకెళ్లాను. చేతులు రాలేదు. పంపేద్దామంటే ఏమని పంపను?

ఇప్పుడు ఆ మనిషి పద్నాలుగో అడుగులో ఉన్నాడు, తవ్వకం పంతొమ్మిదికి వచ్చింది. ఏదో ఒక రోజు ఆయన హెస్సెల్ పడవలో మట్టిలో మట్టై నా లాకులోకి వస్తాడు. నేను గేటు తీయాలి. నావల్ల కాదు.

ఏం చేస్తావో నీ ఇష్టం. నన్ను తిట్టు, కానీ ఊరుకోకు.

వోబ్బె


మిన్నెవెర్ట్
మే 25, గురువారం

వోబ్బె,

తిట్టడానికి మాటలు దొరకలేదు. దొరికినప్పుడు రాస్తాను.

నీ ఉత్తరం పోయిన వారం బుధవారం వచ్చింది. చదివి, చెప్పులు వేసుకుని చర్చి వెనక్కి వెళ్లాను. గోసెని మళ్లీ నడవమన్నాను. పదిహేను అడుగులే మిగిలాయి. తవ్వేవాళ్లు రొట్టె తింటున్నారు. మధ్యాహ్నం పని మళ్లీ మొదలైతే సాయంత్రానికి పద్నాలుగు. పోయి ట్యాలింగ్‌ని అడిగాను. "ఎవడో పరాయివాడి ఎముకల కోసం పని ఆపాలా? అతగాడి పేరేమిటి, ఊరేమిటి? ఎవరడుగుతారు?" అన్నాడు. వాకిట్లోంచే పంపేశాడు.

నేను గోపురం ఎక్కాను. చావు గంట కొట్టాను. మగవాడు పోతే కొట్టేటట్టు, మూడు విడతలుగా, మధ్యలో ఆగి. పట్టపగలు, పనివేళ. ఊరంతా వచ్చేసింది. పాలు పితికే వాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. బడి పిల్లలు వచ్చారు. తవ్వేవాళ్లు టోపీలు తీసి నిలబడ్డారు. పాస్టరు గారు ఆయాసంతో, "ఎవరు పోయారు సీత్స్కె?" అన్నారు.

"ముప్పై ఏళ్ల కిందట పోయినవాడు. పేరు నాకు ఇవాళే తెలిసింది. ఇవెర్" అన్నాను.

పొట్లం ఆయన చేతిలో పెట్టాను. ఎవరు తీశారని అడిగారు. చెప్పాను. అందరి ముందూ చెప్పాను వోబ్బె, నీ పేరు. దాచమన్నావు కానీ, ఇంక దాచలేను. ఆల్డె ముసలాయన, "వాళ్ల నాన్న చాలా నిజాయితీపరుడు" అన్నాడు. ఆ మాట నన్ను పొడిచేసింది.

గోసె పార కింద పడేశాడు. వాణ్ని చూసి మిగతావాళ్లూ పడేశారు. మేస్త్రీ అరిచాడు. ఒక్కడూ కదల్లేదు. ఆ మనిషి సంగతి తేలేదాకా ఉత్తరం వైపు తవ్వకం ఆపుతానని ట్యాలింగ్ చివరికి ఒప్పుకున్నాడు, తన కోసం కాదు, జనం చూస్తున్నారని.

భాష డేనిష్ అని పాస్టరు గారు చెప్పారు. నిఘంటువు పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నారు. ఫానో అనే దీవి నుంచి మారెన్ అనే ఆమె భర్తకి రాసింది. గొర్రె ఈనింది, కప్పు కారుతోంది, పిల్లాడికి పళ్లు వస్తున్నాయి, త్వరగా రా. అంతే ఉంది వాటిల్లో. అక్కడి పాస్టరుకి మన పాస్టరు గారు రాశారు.

నాకూ ఆ మనిషి గుర్తే. ఎంత వింత, అన్నేళ్లు ఆ సమాధి పక్కన బట్టలు ఆరేశాను.

సీత్స్కె


ఊస్టర్‌మోండ్ లాకు
జూన్ 4

అక్కా,

మంచి పని చేశావు. నా పేరు చెప్పడం కూడా.

హెస్సెల్ నాకు జరిగిందంతా చెప్పాడు. తాడు విసిరేటప్పుడు ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడేవాడు, ఇప్పుడు ఊరికే విసురుతున్నాడు. దానికి తగినవాణ్నే.

ఆమె బతికే ఉందా? ఉంటే మళ్లీ పెళ్లి చేసుకుని సుఖంగా ఉండి ఉంటుంది కదా? ముప్పై ఏళ్లంటే తక్కువా? ఇప్పుడు ఇదంతా తెలియడం ఆమెకి మంచిదో కాదో. ఏ జవాబొచ్చినా దాచకుండా రాయి. మెత్తగా చేసి రాయకు.

వోబ్బె


మిన్నెవెర్ట్
ఆగస్టు 13

వోబ్బెకి,

మెత్తగా రాయొద్దన్నావు. సరే.

జవాబు జూన్ చివర వచ్చింది. నీకు వెంటనే రాయలేదు. రాయడానికి కూర్చుని లేచాను, నీలాగే. మారెన్ బతికే ఉంది. ఆ ఓడలో ఏడుగురట. ఆరుగురు అక్కడి దీవుల్లోనే తేలారు, పూడ్చారు. ఇవెర్ ఒక్కడే దొరకలేదు. అందుకని చచ్చిపోయాడని ఎవరూ రాసివ్వలేదు. ఆమె భార్యా కాదు, విధవా కాదు. చేపల సరంగు ఒకాయన అడిగాడట. ఏళ్ల తరబడి ఆగాడట. చివరికి ఇంకొకరిని చేసుకున్నాడు.

మారెన్ ఇక్కడికి వచ్చింది. కొడుకు ఎస్కిల్‌తో, పోయిన సోమవారం. నాకంటే పొట్టి. నల్ల బట్టలు కట్టుకోలేదు, రెండు రోజులు అదే చూశాను, ఎందుకా అని. ఎస్కిల్‌కి మన భాష వస్తుంది, మన రేవుల్లో తిరిగిన నావికుడే. తండ్రి పోయేటప్పటికి పాకేవాడట.

గోసె తన చేతులతో తవ్వాడు, పారతో కాదు, గరిటెతో. ఇవెర్ పద్నాలుగో అడుగులోనే ఉన్నాడు. నువ్వు చెప్పినట్టే. మారెన్ అంచున కూర్చుని ఉంది. పాస్టరు గారు దక్షిణం వైపు పేరు చెక్కించి చోటిస్తామన్నారు, అటు వైపు అమ్మరట. ఆమె వద్దంది. "నేను ఇంటికి తీసుకెళ్తాను" అంది.

మా వంటింట్లో కాఫీ తాగుతూ ఒక్క మాట చెప్పింది. ఎస్కిల్ దాన్ని మన భాషలో చెప్పడానికి చాలాసేపు తటపటాయించాడు. ఆయన బతికే ఉన్నాడని, ఏదో రేవులో ఎవరితోనో ఉండిపోయి రాలేదని ఆమె అనుకుందట. ఏళ్ల తరబడి ఆయన్ని తిట్టుకుందట. "పిల్లాడికి కూడా అలాగే చెప్పి పెంచాను" అంది.

తమ్ముడూ, అది విన్నాక నీ మీద జాలి పడాలో, నీ చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు.

నిన్ను చూడాలంది. ఎస్కిల్‌కి ఇష్టం లేదు. "ఆ మనిషిని చూస్తే నేనేం చేస్తానో నాకే తెలియదు" అన్నాడు. అయినా ఆమె హెస్సెల్ పడవలోనే బయల్దేరుతోంది. మీ లాకు దాటాక రైలెక్కి జర్మనీ మీదుగా పోతారట. ఎముకల పెట్టె వాళ్లతోనే ఉంది. ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను, పడవకంటే ముందే చేరాలి. పారిపోకు. ఒకసారి పారిపోయావు చాలు.

సీత్స్కె


ఊస్టర్‌మోండ్ లాకు
ఆగస్టు 20, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం గురువారం పొద్దున అందింది. పడవ అదే రోజు పదకొండుకి వచ్చింది. పారిపోలేదు. నాలుగుసార్లు టోపీ పెట్టుకుని తీశాను, అంతే.

హెస్సెల్ తాడు విసిరాడు. పడవ నిండా మట్టి. మట్టి మీద ఒక గుడ్డ పరిచి, దాని మీద పెట్టె. పక్కన పీట మీద ఆమె. ఎస్కిల్ ముందుభాగంలో నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నేను కింది గేటు మూశాను. ఈసారి వరస తప్పలేదు. నీళ్లు ఎక్కడం మొదలైంది. ఆమె నాకంటే చాలా కిందన ఉంది, తల పైకెత్తి నన్నే చూస్తోంది. నీళ్లతోపాటు మెల్లగా పైకొచ్చింది, చివరికి ఇద్దరం ఎదురెదురుగా ఉన్నాం.

నేను చెప్పాలనుకున్నది పొద్దున్నుంచీ సిద్ధం చేసుకున్నాను. నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. కొడుకుతో ఏదో అంది. అతను ఇటు తిరగకుండానే చెప్పాడు.

"నీ క్షమాపణ తర్వాత వింటుందట. ముందు చెప్పు, మొహం ఎలా ఉంది?"

నాకు అర్థం కాలేదు.

"మా నాన్న మొహం. దెబ్బలు తగిలి ఉన్నాయా? చేపలు తిన్నాయా? ఒడ్డున దొరికినప్పుడు చూసినవాళ్లలో బతికున్నది నువ్వొక్కడివేనట. చెప్పు."

అప్పుడు తెలిసిందక్కా. ముప్పై ఏళ్లుగా నేను ఆ మొహాన్ని మర్చిపోవడానికి తంటాలు పడుతున్నాను, ఆమె దాని కోసమే ఇంత దూరం వచ్చింది.

చెప్పాను. మొహం బాగానే ఉందని. నుదుటి మీద ఒక గీత తప్ప ఏ దెబ్బా లేదని. కళ్లు మూసే ఉన్నాయని. గడ్డం ఎర్రగా ఉందని, అందులో ఇసక ఉందని. కింది వరసలో ఒక పన్ను లేదని. ఎడమ మేజోడు మడమ దగ్గర వేరే రంగు ఉన్నితో అల్లి ఉందని. అక్కడ ఆమె కొడుకు చెప్పేదాకా ఆగలేదు. 'మేజోడు' మాట ఆమెకి ఎలా తెలిసిందో, నేను కాలు చూపించాననుకుంటా. చేతుల్లో మొహం పెట్టుకుంది. "ఆకుపచ్చ" అంది. అవును, ఆకుపచ్చే. నాకూ ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

చెబుతూ ఉంటే ఎస్కిల్ గొంతు ఒక్కో మాటకీ మారింది. తండ్రి గడ్డం ఎరుపని అతను తల్లికి చెప్పాలి, అతను ఆ గడ్డం ఎప్పుడూ చూడలేదు. 'పన్ను' దగ్గర ఆగిపోయాడు. ఇటు తిరిగాడు. కొడతాడనుకున్నాను. అతని గడ్డమూ ఎర్రగానే ఉంది. "నిదానంగా చెప్పు, నేను అన్నీ సరిగ్గా చెప్పాలి" అన్నాడు.

నాన్న ఆయన్ని బల్ల మీద ఎలా ఎత్తాడో చెప్పాను. తల వేలాడకుండా తన టోపీ మడిచి కింద పెట్టాడని చెప్పాను. వెనక రెండు పడవలు వచ్చి ఆగాయి. అరిచారు. హెస్సెల్ వెళ్లి వాళ్లతో, "ఇవాళ లాకు చెడిపోయింది, కాఫీ పెట్టుకోండి" అన్నాడు. నిజంగా చెడిపోలేదు.

అయిపోయిందనుకున్నాను. మారెన్, "మొదటి నుంచి మళ్లీ" అంది. మళ్లీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది. ఎక్కడా తడబడలేదు.

చివర్లో నేను క్షమాపణ అడిగాను. ఎస్కిల్ చెప్పాడు, "క్షమించానని అనడం ఇవాళ తనవల్ల కాదట. అబద్ధమవుతుందట. కానీ నువ్వు చెప్పినదంతా కాగితం మీద రాసి పంపాలట, నేను చదివి వినిపిస్తాను. ఒక్కటీ వదలకూడదు."

పై గేటు తీశాను. పడవ కదిలింది. ఆమె చెయ్యి ఊపలేదు. పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

అక్కా, నాలుగు రోజులుగా రాస్తున్నాను. ఏడు కాగితాలయ్యాయి. బురద మేట నుంచి కట్ట దాకా, కట్ట నుంచి మన కొట్టం దాకా అంతా వచ్చింది. అక్కడ ఆగిపోయాను. కొట్టంలో ఆయన్ని నాన్న, అమ్మ, నువ్వు కలిసి కడిగారు. నేను గుమ్మంలోకి కూడా రాలేదు. ఏ నీళ్లతో కడిగారు? వేడివా? జుట్టు ఎవరు దువ్వారు? అమ్మ ఆయన మీద ఏదో కప్పింది, దుప్పటో, తన శాలువానో. రంగేమిటి? అమ్మ ఏమైనా అందా? చిన్న మాటైనా సరే.

అన్నీ రాయి. నీకు గుర్తున్నట్టే రాయి, అందం కోసం ఏదీ కలపకు. వెంటనే రాయి, ఆమె ఎదురుచూస్తోంది.

నీ తమ్ముడు
వోబ్బె